ఐదో సెట్‌లో పిక్క ఎందుకు పట్టేస్తుంది?

2016 ఆగస్టు చివర, న్యూయార్క్. కృష్ణా జిల్లా ఉయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేని యూఎస్ ఓపెన్ క్వాలిఫయింగ్‌లో మూడు మ్యాచ్‌లు గెలిచి, మొదటిసారి మెయిన్ డ్రాలో అడుగుపెట్టాడు. ఎదురుగా చెక్ ఆటగాడు యిరీ వెసెలీ. మొదటి సెట్ టైబ్రేక్‌లో పోయింది. తర్వాతి రెండూ సాకేత్ గెలిచాడు, నాలుగోది వెసెలీ లాక్కున్నాడు. ఐదో సెట్‌లో సాకేత్ మ్యాచ్ పాయింట్ దాకా వెళ్లాడు. కానీ అప్పటికే కాళ్లు పట్టేశాయి. చివరికి ఆ సెట్ 7-5తో వెసెలీ ఖాతాలో పడింది.

ఎనిమిదేళ్లు దాటాయి. 2025 జనవరి 13 రాత్రి, మెల్‌బోర్న్‌లో రాడ్ లేవర్ ఎరీనా. నెల్లూరు నుంచి అమెరికా వెళ్లిన దంపతుల కొడుకు, 19 ఏళ్ల నిషేశ్ బసవరెడ్డి ఆస్ట్రేలియన్ ఓపెన్ మొదటి రౌండులో నొవాక్ జొకోవిచ్‌తో తలపడ్డాడు. అవతలి పక్క కోచ్ కుర్చీలో ఆండీ ముర్రే. మొదటి సెట్ 6-4తో నిషేశ్ గెలిచేసరికి స్టేడియం లేచి నిలబడింది. ఆ తర్వాత కుర్రాడికి ఒళ్లు సహకరించడం మానేసింది. మిగతా మూడు సెట్లూ 6-3, 6-4, 6-2తో జొకోవిచ్‌వే. అందులో జొకోవిచ్ గొప్పతనం ఎంతో ఉంది, కాదనలేం. కానీ మొదటి గంటలో బంతి వెనక పరిగెత్తిన కాళ్లూ మూడో గంటలో కదిలిన కాళ్లూ ఒకటి కావని టీవీలో చూసేవాళ్లకే తెలిసిపోయింది. అంతకు మూడు రోజుల ముందే అతను ఆక్లాండ్‌లో గేల్ మోన్‌ఫిస్‌తో సెమీఫైనల్ ఆడి వచ్చాడన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఎదుగుతున్న టెన్నిస్ ఆటగాడి గురించి మాట్లాడేటప్పుడు మనం సర్వీసు వేగం, ర్యాంకు, స్పాన్సర్లు చూస్తాం. పిక్కల సంగతి పట్టించుకోం. నిజానికి నిచ్చెన చివరి మెట్టు దగ్గర చాలామందిని ఆపేది అదే. దానికి కారణం ఆ నిచ్చెన కట్టిన తీరులోనే ఉంది. మగవాళ్ల టెన్నిస్‌లో కింది అంచె ఐటీఎఫ్ టోర్నీలు, దానిపైన చాలెంజర్లు, ఆపైన ఏటీపీ టోర్నీలు. నిషేశ్ 2024లో టిబురాన్, ప్యూర్టో వయార్టా చాలెంజర్లు గెలిచి, ఏడాది మొదట్లో 450 దాటి ఉన్న ర్యాంకును చివరికి 150 లోపుకు తెచ్చుకున్నాడు. ఈ మెట్లన్నింటిలోనూ మ్యాచ్ అంటే మూడు సెట్లే, రెండు గెలిస్తే చాలు. గ్రాండ్‌స్లామ్ క్వాలిఫయింగ్ కూడా అంతే. 2019 నుంచి డేవిస్ కప్ కూడా ఆ దారే పట్టింది. మెయిన్ డ్రాలోకి వెళ్లిన రోజు మాత్రం ఆట ఒక్కసారిగా ఐదు సెట్లవుతుంది. అంటే నాలుగో గంట ఎలా ఉంటుందో ఆ కుర్రాడి ఒంటికి ముందెప్పుడూ తెలీదు. జీవితంలోకెల్లా పెద్ద మ్యాచ్‌లోనే దానికి మొదటి పాఠం. (ఆడవాళ్లకు గ్రాండ్‌స్లామ్‌లోనూ మూడే సెట్లు కాబట్టి హైదరాబాద్ అమ్మాయిలు యమలపల్లి సహజకూ, భమిడిపాటి శ్రీవల్లి రష్మికకూ ఈ గండం లేదు. వాళ్లవి వేరే గండాలు.)

ఇంతకీ పిక్క పట్టేయడమంటే ఏమిటి? కండరం మనం చెప్పకుండానే ముడుచుకుని, వదలమన్నా వదలకపోవడం. చేత్తో తడిమితే రాయిలా తగులుతుంది. చర్మం కింద ఏదో పాకుతున్నట్టు సన్నగా అదురుతుంది. ఇంత మామూలు బాధకు కారణమేమిటన్న దానిమీద శాస్త్రవేత్తలు వందేళ్లుగా వాదించుకుంటున్నారు.

ఆ వాదన మొదలైంది టెన్నిస్ కోర్టులో కాదు, బొగ్గు గనిలో. కరీంనగర్, ఆదిలాబాద్ పాఠకులకు ఇది బాగా దగ్గరి విషయం. 1920లలో ఇంగ్లండులోని లోతైన గనుల్లో పనిచేసే కార్మికులకు చేతులూ కాళ్లూ పొట్టా కొంకర్లు పోయేవి. కె. నెవిల్ మాస్ అనే పరిశోధకుడు వాళ్ల వెంట గనిలోకి దిగి చూశాడు. ఒక్క షిఫ్టులోనే కిలోలకు కిలోల బరువు చెమటగా పోతోంది. దాహం తీరడానికి వాళ్లు కడుపునిండా నీళ్లు తాగుతున్నారు. విచిత్రమేమిటంటే నీళ్లు తాగాకే బాధ ఎక్కువవుతోంది. నీళ్లలో కాస్త ఉప్పు కలిపి ఇస్తే తగ్గింది. మాస్ ఈ సంగతి 1923లో ప్రచురించాడు. పదేళ్లు తిరక్కుండానే అమెరికాలో హూవర్ డ్యామ్ కట్టే కూలీల మీద హార్వర్డ్ ఫెటీగ్ లేబొరేటరీ వాళ్లు పరిశోధన చేశారు. వాళ్లకూ అదే తేలింది, చెమటతో పోయే ఉప్పును తిరిగి ఇవ్వాలని.

బొగ్గు గనులున్న మన గోదావరిఖనిలో, మందమర్రిలో, శ్రీరాంపూర్‌లో ఎండాకాలం డ్యూటీ దిగి వచ్చి పిక్కలు వట్టినయంటే, పెద్దవాళ్లు పుస్తకం తిరగేయరు. "ఇంత ఉప్పేసుకొని సల్ల తాగు" అంటారు. ఓపెన్‌కాస్టు గనుల్లో వేసవిలో మజ్జిగ ప్యాకెట్లు పంచేదీ ఇందుకే. రామగుండంలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఆ ఎండలో బొగ్గు బెంచి మీద నిలబడ్డవాడి చెమటకూ, న్యూయార్క్ కోర్టులో నాలుగో సెట్ ఆడుతున్నవాడి చెమటకూ రసాయనికంగా తేడా ఏమీ లేదు.

లెక్క చూద్దాం. ఎండలో గట్టిగా ఆడే టెన్నిస్ ఆటగాడికి గంటకు లీటరు నుంచి రెండున్నర లీటర్ల దాకా చెమట పోతుంది. లీటరు చెమటలో సోడియం సుమారుగా ఒక గ్రాము. కొందరికి అందులో సగమే ఉంటుంది, కొందరికి రెట్టింపు దాకా ఉంటుంది. ఇది చాలావరకు పుట్టుకతో వచ్చే తేడా. మ్యాచ్ అయ్యాక టోపీ ఆరితే అంచున తెల్లటి చారలు కట్టేవాళ్లను ఉప్పు చెమటవాళ్లుగా గుర్తించొచ్చు. మన నెత్తుటిలో సోడియం లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్స్ మధ్య ఉండాలి. ఆ హద్దు కాపాడుకోవడానికి శరీరం కణాల చుట్టూ ఉండే ద్రవం నుంచి నీటిని లాగేస్తుంది. ఆ ద్రవం కుదించుకుపోయినప్పుడు కండరానికి అంటుకుని ఉండే నాడి కొసలు చికాకుపడి, పిలవకపోయినా సంకేతాలు పంపుతాయన్నది మొదటి వాదన. మైకెల్ బెర్జెరాన్ అనే పరిశోధకుడు 1996లో 17 ఏళ్ల టెన్నిస్ కుర్రాడి కేసు రాశాడు. మాటిమాటికీ కండరాలు పట్టేసే ఆ అబ్బాయికి తిండిలో, తాగే నీళ్లలో ఉప్పు పెంచితే ఆ బాధ పోయింది.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ దక్షిణాఫ్రికా వైద్యుడు మార్టిన్ ష్వెల్‌నస్ 1997లో ఒక గట్టి సవాలు విసిరాడు. సోడియం తగ్గితే ఒళ్లంతా తగ్గుతుంది కదా, మరి పట్టేసేది బాగా పనిచేసిన పిక్కే ఎందుకు, చెవి దగ్గరి కండరం ఎందుకు కాదు? పైగా ఆ తర్వాత దూరపు ఈత, సైకిల్, పరుగు కలిసిన ఐరన్‌మ్యాన్ పోటీల్లో కండరాలు పట్టేసినవాళ్లనూ పట్టనివాళ్లనూ పక్కపక్కన పెట్టి చూశారు. ఒంట్లో నీటి శాతంలో గానీ సోడియంలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు.

ష్వెల్‌నస్ చెప్పిన జవాబు వెన్నుపాములో ఉంది. ప్రతి కండరం నుంచీ వెన్నుపాముకు రెండు రకాల వార్తలు వెళ్తుంటాయి. కండరం లోపల ఉండే మజిల్ స్పిండిళ్లు "ఇంకా బిగించు" అంటాయి. కండరం ఎముకకు అతుక్కునే చోట, స్నాయువులో ఉండే గాల్జీ అవయవాలు "ఇక చాలు, వదులు" అంటాయి. బండెద్దుకు ఒకటి ముల్లుకర్ర, ఇంకోటి పగ్గం. అలసిపోయిన కండరంలో ముల్లుకర్ర పోటు ఎక్కువవుతుంది, పగ్గం జారుతుంది. కండరం అప్పటికే పొట్టిగా ముడుచుకుని ఉన్నప్పుడైతే స్నాయువు మీద లాగుడు తక్కువ కాబట్టి పగ్గం మరీ వదులు. టెన్నిస్‌లో సర్వీసు చేసేటప్పుడు ఆటగాడు మునివేళ్ల మీద లేస్తాడు. ఆ క్షణాన పిక్క సరిగ్గా అలాగే ముడుచుకుని ఉంటుంది. రాత్రిళ్లు దుప్పటి కింద పాదం కిందికి వాల్చి పడుకున్నవాళ్లకు నిద్రలో పిక్క పట్టేయడమూ ఇందుకే కావచ్చు.

ఈ వాదనకు పెద్ద సాక్ష్యం ప్రతి ఇంట్లోనూ దొరుకుతుంది. పిక్క పట్టేసినవాడి మోకాలు చాపి, పాదం వేళ్లను పట్టుకుని ముఖం వైపు లాగితే కొన్ని క్షణాల్లో వదులుతుంది. ఆ లాగుడులో ఉప్పూ లేదు, నీళ్లూ లేవు. స్నాయువు సాగింది, పగ్గం బిగిసింది, అంతే.

ఊరగాయ ప్రయోగం ఇంకా తమాషాగా ఉంటుంది. ఊరగాయ అంటే మన ఆవకాయ కాదు, దోసకాయలను ఉప్పూ వెనిగరూ కలిపిన నీళ్లలో ఊరబెట్టే అమెరికా వాళ్ల పికిల్. కెవిన్ మిల్లర్ అనే శాస్త్రవేత్త 2010లో కొందరు యువకులకు చెమటలు పట్టించి, కరెంటుతో కాలి బొటనవేలి కండరం పట్టేసేలా చేసి, నీళ్లో, ఆ ఊరనీళ్లో ఇచ్చాడు. నీళ్లు తాగినప్పటికంటే ఊరనీళ్లు తాగినప్పుడు దాదాపు 37 శాతం తొందరగా పట్టు వదిలింది. అంత తక్కువ సమయంలో ఆ ఉప్పు పేగు దాటి నెత్తుటిలోకి చేరే వీలే లేదు. నోటిలో, గొంతులో పుట్టిన ఘాటే నాడుల ద్వారా వెన్నుపాముకు వార్త పంపి ముల్లుకర్రను ఆపి ఉంటుందని మిల్లర్ అనుమానం. టీవీలో ఆటగాళ్లు మొహం వికారంగా పెట్టి ఏదో చిన్న సీసాలోది గుక్క వేయడం కనపడితే అది చాలాసార్లు ఇదే. అరటిపండు సంగతంటారా, అది మంచి తిండే. కానీ అందులోని పొటాషియం నెత్తుటికి చేరేలోపు సెట్ అయిపోతుంది.

నా మటుకు నాకు రెండో వాదనే బలంగా కనపడుతుంది, ముఖ్యంగా 2023 జూన్ 9 నాటి ఫ్రెంచ్ ఓపెన్ సెమీఫైనల్ తలుచుకున్నప్పుడు. అప్పటికి ప్రపంచ నంబర్ వన్, 20 ఏళ్ల కార్లోస్ అల్కరాజ్ జొకోవిచ్‌తో చెరో సెట్ పంచుకున్నాడు. మూడో సెట్ 1-1 దగ్గర ఒళ్లంతా కొంకర్లు పోయింది. అది అతని మొదటి ఐదు సెట్ల మ్యాచేమీ కాదు. వయసూ కండా లేనివాడు అంతకంటే కాదు. ఉద్విగ్నతే కారణమని అతనే తర్వాత చెప్పాడు. బెదురు ఎక్కువైతే కండరాలు పాయింటుకూ పాయింటుకూ మధ్య ఉండే 25 సెకన్లలో కూడా సడలవు. టెన్నిస్‌లో బంతి నిజంగా ఆటలో ఉండేది మొత్తం సమయంలో అయిదో వంతే. మిగతాదంతా కండరానికి విశ్రాంతి కావాలి, బెదురు దాన్నే తినేస్తుంది.

ఆ రోజే చాలామందికి టెన్నిస్‌లోని ఒక కఠినమైన నియమం తెలిసింది. దెబ్బ తగిలితే ఆట ఆపి వైద్యుణ్ని పిలవొచ్చు. కండరం పట్టేస్తే మాత్రం ఆపడానికి లేదు, ఎందుకంటే దాన్ని గాయంగా కాక దమ్ము లేకపోవడంగా లెక్కేస్తారు. ఆటగాళ్లు కోర్టు మారే విరామంలోనే చికిత్స. కోర్టు మారేది బేసి గేముల తర్వాత. స్కోరు 1-1, అంటే సరి. అందుకని అల్కరాజ్ తర్వాతి గేమును ఆడకుండానే వదులుకుని, స్కోరు జొకోవిచ్‌కు 2-1 చేసి కుర్చీలో కూర్చున్నాడు. మిగతా రెండు సెట్లలో ఒక్కో గేమే గెలిచాడు. మోసం అడ్డుకోవడానికి పెట్టిన నియమమే అయినా, నాకది మరీ కర్కశంగా అనిపిస్తుంది.

అయితే మాస్‌ను పారేసి ష్వెల్‌నస్‌ను నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఉప్పు పోయిన ఒంట్లో నాడులు తొందరగా ఉలిక్కిపడతాయి, అలసట ఆ ఉలికిపాటును కొంకరగా మారుస్తుంది. అందుకే పెద్ద స్థాయి శిక్షకులు రెండువైపులా కాపలా కాస్తారు. ఆటగాడి చెమట పట్టీల్లో పట్టి, సోడియం కొలిచి, అతనికి సరిపడే ఉప్పు నీళ్లు కలిపిస్తారు. మూడో గంట తర్వాత కూడా సర్వీసులు కొట్టించి, గెంతులు వేయించి, అలసిన పిక్కకు ఆ పని అలవాటు చేస్తారు. మన వైపు కుర్రాడెవరైనా టెన్నిస్ కోసం హైదరాబాద్ బస్సెక్కితే, ఈ రెండో పని ఎంతవరకు చేయిస్తున్నారని అకాడమీలో అడగాలి. ఫోర్‌హ్యాండ్ అందరూ నేర్పుతారు.

ఎండ అలవాటు గురించి ఒక మాట. వేడిలో రోజూ గంటన్నర సాధన చేస్తే పది నుంచి పద్నాలుగు రోజుల్లో ఒళ్లు మారుతుంది. నెత్తుటిలోని ప్లాస్మా పెరుగుతుంది, చెమట ముందుగా మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. ఆల్డోస్టెరాన్ అనే హార్మోను చెమట గ్రంథుల దగ్గరే సోడియాన్ని వెనక్కి లాక్కుంటుంది. రామగుండంలో పెరిగినవాడికి ఇది పుట్టింటి ఆస్తి అనుకుంటాం గానీ, ఈ మార్పు ఎండ తగలకపోతే మూడు నాలుగు వారాల్లో కరిగిపోతుంది. మనది పొడి ఎండ కూడా. చెమట ఆవిరయ్యే వీలున్న ఎండ. ఉక్కపోతలో చెమట కారుతుందే తప్ప ఆరదు. 2025 అక్టోబర్‌లో షాంఘై ఉక్కపోతలో యానిక్ సినర్ అంతటివాడు కాళ్లు పట్టేసి మ్యాచ్ మధ్యలో తప్పుకున్నాడు.

ఆస్ట్రేలియన్ ఓపెన్ జరిగేది జనవరిలో, అక్కడ నడివేసవి. రోజర్ ఫెదరర్ డిసెంబర్‌లో దుబాయ్‌లో సాధన చేసేవాడు. ఆదిలాబాద్ కుర్రాడికి ఎండలు కొత్త కావు గనక దుబాయ్ అక్కర్లేదనిపిస్తుంది. కానీ సరిగ్గా ఆ నెలలోనే ఆదిలాబాద్‌లో తెల్లవారుజామున పది డిగ్రీల లోపు చలి ఉంటుంది, ఊళ్లలో మంటలు వేసుకుంటారు. మే నెలలో సంపాదించుకున్నదేదీ అప్పటిదాకా ఒంట్లో మిగలదు. మెల్‌బోర్న్ వెళ్లాలంటే అతనూ డిసెంబర్ నడిమికల్లా కాస్త వేడి ఉన్న చోటు చూసుకుని, రెండు వారాలు మళ్లీ మొదటి నుంచి చెమట పట్టించుకోవాల్సిందే.