గోప్యత నిలిస్తేనే రక్తపరీక్ష

పార్లమెంటు చట్టం చేయడం ఒక ఎత్తు. ఆ చట్టం ఆసుపత్రి గుమ్మం దాటి వార్డులోకి ప్రవేశించడం మరొక ఎత్తు. 2017లో ఆమోదం పొందిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది. వ్యక్తి అంగీకారం లేనిదే పరీక్ష జరుపరాదనీ, ఫలితాన్ని వెల్లడించరాదనీ దాని నియమం. అయినప్పటికీ 2025 అక్టోబరులో రాయపూర్‌లోని డాక్టర్ భీమ్‌రావ్ అంబేద్కర్ ఆసుపత్రిలో, నవజాత శిశువు సమీపాన, తల్లికి హెచ్.ఐ.వి. ఉన్నదని చాటే కాగితం వెలసింది. పత్రికలో వార్త చూచిన ఛత్తీస్‌గఢ్ హైకోర్టు తనంత తానుగా విచారణ చేపట్టి, ఈ చర్య అమానుషమని గర్హించింది. తల్లిదండ్రులకు 4 లక్షల రూపాయలు చెల్లించవలసిందిగా రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది.

ఆ కుటుంబానికి జరిగిన అవమానానికి న్యాయస్థానం ఒక వెల కట్టింది. కాని ఆ వార్త విని పరీక్షకు వెనుదీసేవారి సంఖ్యను ఎవరు లెక్కించగలరు? అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఈ వ్యాధి ఏళ్ల తరబడి పైకి కనిపించకుండా శరీరంలో దాగి ఉండగలదు. పరీక్ష ఒక్కటే దానిని పట్టి ఇవ్వగలదు.

పరీక్షకు వేళ కూడ ముఖ్యమే. శంకించదగిన సంపర్కం జరిగిన మరునాడే పరీక్ష చేయించితే ఫలితం తేలదు. రక్తంలో యాంటీబాడీలు కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. తొలిసారి ఏమీ లేదని తేలినా, మూడు నెలలు గడచిన పిమ్మట మరల చేయించుకొనడం క్షేమం. అయితే వైద్యుని దర్శించడానికి మాత్రం మూడు నెలలు ఆగరాదు. 72 గంటలలోగా వెళితే, వైద్యుని సలహాపై 28 రోజులు వాడే నివారణ మందులకు అవకాశముంది. గర్భిణులు తొలి నెలల్లోనే పరీక్ష చేయించుకోవాలి. తల్లి మందులు వాడితే బిడ్డకు వ్యాధి సోకే ప్రమాదం ఎంతో తగ్గుతుంది. క్షయరోగులకూ ఈ పరీక్ష అవసరం.

ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులలోను, జిల్లా ఆసుపత్రులలోను ఐ.సి.టి.సి. అనే సలహా, పరీక్షా కేంద్రాలున్నాయి. అక్కడ పరీక్ష ఉచితం. పరీక్షకు ముందూ తరువాతా సలహాదారు మాట్లాడుతారు. రాయపూర్, భిలాయిలలో స్థిరపడిన తెలుగువారు సమీప కేంద్రం కోసం 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. వ్యాధి ఉన్నదని తేలితే మందులు కూడ ప్రభుత్వమే ఉచితంగా ఇస్తున్నది. వాటిని క్రమం తప్పక వాడేవారు దీర్ఘకాలం ఆరోగ్యంగా జీవిస్తున్నారు.

మందులున్నాయి, చట్టమున్నది. కొరవడినది నమ్మకం. పరీక్షా ఫలితం తనకూ వైద్యునికీ మధ్యనే ఉంటుందన్న ధైర్యం కలిగిననాడు ప్రజలు తామై వస్తారు. ఆ ధైర్యం కలిగించవలసిన బాధ్యత ప్రతి వార్డులోని ప్రతి ఉద్యోగిదీ.