తిరుమల ఆలయమున ఒక దినము

మన జిల్లాలో తిరుమల కొండను ఎరుగని విద్యార్థి లేడు. అయినను ఆలయములోపల ఉదయము మొదలు రాత్రివరకు జరుగు సేవలను ఎవరెవరు నడిపింతురో విచారించినవారు కొలదిమందియే. పూజయంతయు అర్చకుల చేతులలోనే యున్నదని పలువురు తలంచుచున్నారు. మేమట్లు తలంపము.

తెల్లవారకమునుపే సన్నిధిగొల్ల యనబడు యాదవుడు దివిటీ పట్టుకొని అర్చకులకు ముందు నడచును. అర్చకులు కుంచెకోలతోను తాళపుచెవులతోను వెంబడింతురు. ద్వారము తెరవగనే మొదట లోనికి పోవువాడు ఆ గొల్లయే. పండితులు సుప్రభాతమును పఠింతురు. తాళ్ళపాక వంశీయులు తంబుర మీటి మేలుకొలుపు పాడుదురు. ధనుర్మాసమున మాత్రము సుప్రభాతమునకు మారుగా తిరుప్పావై వినబడును. 1987వ సంవత్సరపు చట్టము దేవాలయములలో వంశపారంపర్యపు హక్కులను రద్దుచేసెను. 1996లో సర్వోన్నత న్యాయస్థానము ఆ చట్టమును సమర్థించెను. ఆనాడు హక్కు పోయినను గొల్ల కైంకర్యము నిలిచియున్నది.

తోమాలసేవ పిమ్మట కొలువు జరుగును. అప్పుడు స్వామికి ఆనాటి పంచాంగమును, ముందునాటి ఆదాయపు లెక్కను చదివి వినిపింతురు. లెక్కలన్న భయపడు మన బాలురు దీనిని గమనింపవలెను! నైవేద్యమున వింత మరియొకటి కలదు. లడ్డు, వడ మొదలగునవి ఎన్ని యున్నను, కులశేఖరపడి దాటి మూలమూర్తి సన్నిధికి పోవునది ఓడు అనబడు పగిలిన క్రొత్త మట్టికుండలోని పెరుగన్నమే. మట్టిపూలతో పూజించిన కుమ్మరి భీముని కథను పెద్దలు దీనితో చేర్చి చెప్పుదురు.

బ్రహ్మోత్సవములు తొమ్మిది దినములు. ధ్వజారోహణముతో మొదలై, అయిదవ రాత్రి గరుడసేవయు, ఎనిమిదవనాడు రథోత్సవమును, తుదను పుష్కరిణిలో చక్రస్నానమును జరుగును. అధికమాసము వచ్చిన యేట ఇవి రెండుమారులు వచ్చును.

రాత్రి ఏకాంతసేవలో, పల్లవరాణి సామవై సమర్పించిన వెండి భోగశ్రీనివాసమూర్తిని ఊయలమంచముపై పవళింపజేయుదురు. తాళ్ళపాకవారి లాలి, తరిగొండవారి హారతి యను నానుడి ఈ సేవను బట్టియే పుట్టినది. ఆ హారతి వెంగమాంబది. ఆమె అవిభక్త చిత్తూరు జిల్లాలోని తరిగొండలో 1730లో జన్మించి, బాల్యమందే విధవయై, వైధవ్య చిహ్నములను ధరింపనొల్లక బంధువుల నిందలను సహించెనని చెప్పుదురు. పిదప కొండపై నివసించి ద్విపదలు, యక్షగానములు రచించి 1817లో గతించెను. ఊరివారు తప్పుపట్టిన స్త్రీ పేరిట ముత్యాలహారతి ఇచ్చినగాని ఆలయమున దినము ముగియదు. వేలాది యాత్రికులు నిత్యము భుజించు అన్నప్రసాదశాలకును ఆమె పేరే పెట్టిరి. ఆమె సమాధి తిరుమలలో ఒక పాఠశాల ఆవరణమందున్నది.