సముద్రంలో కలిసే నీరు వృథాయేనా?

వరదల కాలం వచ్చిందంటే మన పేపర్లలో ఒక మాట తప్పకుండా కనిపిస్తుంది: "వృథాగా సముద్రం పాలవుతున్న నీరు." చిన్నప్పటి నుంచి అదే విని పెరిగాను. పైగా ఇప్పుడు ఉంటున్నది దుబాయ్‌లోని అల్ వర్సాన్‌లో. ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేని దేశమిది. కుళాయి తిప్పితే వచ్చేది ఉప్పు తీసిన సముద్రపు నీళ్లే. వాడి పారబోసిన నీళ్లు కూడా ఇక్కడి వర్సాన్ శుద్ధి కేంద్రం లాంటి చోట బాగుపడి రోడ్ల పక్క చెట్లకు చేరతాయి. ఇలాంటి చోట ఉంటే, నది నీళ్లు సముద్రంలోకి పోతున్నాయంటే ప్రాణం ఉసూరుమనదూ?

కానీ ఆంధ్రా యూనివర్సిటీ పరిశోధకుల పని గురించి చదివాక ఆ మాట అనడానికి నోరు రావడం లేదు.

ప్రొఫెసర్ కాకాని నాగేశ్వరరావు, ప్రొఫెసర్ బి. హేమమాలిని తదితరులు అహ్మదాబాద్‌లోని ఇస్రో కేంద్రం శాస్త్రవేత్తలతో కలిసి కృష్ణా, గోదావరి డెల్టాల తీరాన్ని 1965 నుంచి 2008 దాకా పోల్చి చూశారు. 2010లో అచ్చయిన వారి లెక్క ప్రకారం ఆ 43 ఏళ్లలో సముద్రం మింగిన నేల, కొత్తగా ఏర్పడింది తీసేయగా, 76 చదరపు కిలోమీటర్లు. మన భాషలో చెప్పాలంటే పద్దెనిమిది వేల ఎకరాల పైమాటే! అందులోనూ 1990 దాకా ఏడాదికి 1.39 చదరపు కిలోమీటర్లు పోతే, ఆ తర్వాతి పదేళ్లలో 2.32 చొప్పున పోయింది.

కారణం ఒండ్రు. డెల్టా అంటే నది వేల ఏళ్లుగా తెచ్చి పోసిన మట్టే కదా. ఆ మట్టి తన బరువుకు తానే కొద్దికొద్దిగా కుంగుతుంది. ఏటా కొత్త ఒండ్రు పడుతుంటే సరి, లేకపోతే అలలదే పైచేయి. పైనున్న జలాశయాలు నీటితోపాటు ఒండ్రునూ ఆపేస్తున్నాయి. 1951-59లో కృష్ణ డెల్టాకు ఏడాదికి సగటున 2,185 టీఎంసీలు తెస్తే, 2000-08 నాటికి అది 417 టీఎంసీలకు పడిపోయింది. ఒండ్రు మరీ ఘోరం: 1966-69లో 90 లక్షల టన్నులు ఉన్నది 2000-05కు 4 లక్షల టన్నులే.

గోదావరి కథ ఇంకా ఆలోచింపజేస్తుంది. అక్కడ నీరు పెద్దగా తగ్గలేదు. అయినా 1970లలో 15 కోట్ల టన్నులున్న ఒండ్రు 2000-06 నాటికి 5.7 కోట్లకు దిగింది. కళ్లకు నిండుగా కనిపించే నది కూడా ఖాళీ చేతులతో సముద్రానికి వెళ్తుండొచ్చన్నమాట.

అలాగని ఆనకట్టలను తిట్టడం నావల్ల కాదు. మాది దివిసీమ. కాలవ నీటితో పండిన వడ్లు అమ్మే నాన్న నా కాలేజీ ఫీజు కట్టారు. కాటన్ దొరకు గోదావరి జిల్లాల్లో ఊరూరా విగ్రహాలున్నాయంటే ఊరికే కాదు. కానీ మా అమ్మ ఇప్పుడు పప్పు ఉడకడానికి కూడా మినరల్ వాటర్ క్యానే వాడుతుంది. "బోరు నీళ్లు నోట పెట్టలేమే, ఉప్పు కషాయం" అంటుంది. డెల్టాలో ఉప్పునీటికి కారణాలు చాలానే ఉన్నాయి. విపరీతంగా నీళ్లు తోడే బోర్లు ఉన్నాయి, చెరువుల సాగు ఉంది. నదిలో మంచినీటి ఒరవడి తగ్గడం కూడా అందులో ఒకటి. ఎగువన పంచుకునే టీఎంసీల లెక్కలో కింద వంటింటి బిందెకు చోటు లేదేమో అనిపిస్తుంది నాకు.

బిందెకే కాదు, కృష్ణ సముద్రంలో కలిసే చోట మడ అడవులున్నాయి. చేపల్ని వేటాడే బావురుపిల్లులు అక్కడ తిరుగుతాయి. ఉప్పునీరూ మంచినీరూ తగుపాళ్లలో కలిస్తేనే ఆ చెట్లు బాగా పెరుగుతాయి, వాటి వేళ్ల మధ్యే రొయ్య పిల్లలు ఎదుగుతాయి. తుఫాను వచ్చినప్పుడు అలల జోరును కొంతైనా తగ్గించేదీ ఆ అడవే. 1977 ఉప్పెన చూసిన మా ఊరి పెద్దవాళ్లకు ఈ సంగతి ఏ ప్రొఫెసరూ వచ్చి చెప్పక్కర్లేదు.