లెక్క అడిగేవాని కొలువు

2025 జనవరి 24వ తేదీ, శుక్రవారం రాత్రి. డొనాల్డ్ ట్రంప్ రెండవసారి అమెరికా అధ్యక్షుడుగా ప్రమాణ స్వీకారం చేసి నాలుగు దినములే గడచినవి. ఆ రాత్రి వివిధ ప్రభుత్వ శాఖలలోని సుమారు 17 మంది ఉన్నతాధికారులకు ఈమెయిలు ద్వారా క్లుప్తమైన ఉత్తర్వులు అందినవి. ప్రాధాన్యాలు మారుతున్నవి గనుక మీ ఉద్యోగం ఇంతటితో సమాప్తమని వాటి సారాంశం. వీరు మంత్రులు కారు, రాయబారులు కారు. ఇన్‌స్పెక్టర్ జనరల్ అని వ్యవహరింపబడే తనిఖీ అధికారులు. రక్షణ, వ్యవసాయం, విద్య మొదలైన శాఖలలో ప్రజల సొమ్ము ఎట్లు ఖర్చయినది, అధికారం ఎక్కడైనా దారి తప్పినదా అని విచారించి, ఆ నివేదికను శాఖాధిపతికే గాక కాంగ్రెసుకు కూడా అందజేయడం వీరి విధి.

వీరిని తొలగించే అధికారం అధ్యక్షునికి లేకపోలేదు. అయితే తొలగించడానికి 30 దినముల ముందుగా కాంగ్రెసుకు నోటీసు ఇవ్వవలెననీ, కారణాలను వివరంగా వ్రాయవలెననీ చట్టం చెప్పుతున్నది. ఆ రాత్రి నోటీసూ లేదు, వివరమూ లేదు. అధ్యక్షుని స్వపక్షానికే చెందిన వృద్ధ సెనేటరు చార్లెస్ గ్రాస్లీ, ప్రతిపక్షానికి చెందిన రిచర్డ్ డర్బిన్ కలిసి, కారణాలు తెలుపవలసినదిగా అధ్యక్షునికి లేఖ వ్రాసినారు. లేఖ వ్రాయడం వరకు కాంగ్రెసు పౌరుషం కనబడినది. ఆపైన అభిశంసన మాట దేవుడెరుగు, గట్టి నిలదీత కూడా లేదు.

మన పల్లెలలో వెనుకటికి జమాబందీ వచ్చినదంటే కరణానికి గుండె దడ. చిట్టా, అడంగలు ముందు వేసుకొని వచ్చిన అధికారి ఏ అంకె మీద వ్రేలు పెడతాడో తెలియదు. ఆ అధికారిని కొలువులో పెట్టుకొనేదీ, నచ్చకపోతే పంపివేసేదీ ఆ కరణమే అయివుంటే జమాబందీ ఎంత సజావుగా సాగేదో ఊహించుకోవచ్చును. అమెరికా ప్రజాస్వామ్యాన్ని రెండు వందల ఏండ్లకు పైగా వేధిస్తున్న చిక్కు ఇదే. ప్రభువును లెక్క అడుగవలసినవాడు ప్రభువు దయమీద బ్రతుకుతున్నాడు.

1787లో వ్రాసుకొన్న రాజ్యాంగంలో, సెనేటు సమ్మతితో అధ్యక్షుడు అధికారులను నియమించవచ్చునని ఉన్నది. అభిశంసన ద్వారా తొలగించవచ్చుననీ ఉన్నది. నియమించినవానిని అధ్యక్షుడు తనంతట తాను తీసివేయవచ్చునా అన్న ప్రశ్నకు మాత్రం అందులో జవాబు లేదు. 1789లో మొదటి కాంగ్రెసు ఈ విషయమై తీవ్రంగా వాదించుకొన్నది. మాడిసన్ అధ్యక్షుని పక్షం వహించినాడు. సెనేటులో వోట్లు సరిసమానం కాగా, ఉపాధ్యక్షుడు జాన్ ఆడమ్స్ వోటుతో త్రాసు అటే మొగ్గినది. 1868లో కాంగ్రెసు శాసనాన్ని కాదని యుద్ధశాఖ కార్యదర్శి స్టాంటన్‌ను తొలగించినందుకు ఆండ్రూ జాన్సన్ అభిశంసనకు గురియైనాడు. ప్రతిపక్షానికి ఒక్క వోటు తక్కువై బయటపడినాడు. అయినా అది ఇద్దరు రాజకీయ నాయకుల తగవు. లెక్క అడిగేవానిని తొలగించడమంటే ఏమిటో ఆ దేశానికి కళ్ళకు కట్టినట్లు తెలిసినది 1973లో.

ఆ కథ పాఠకులలో పెద్దలకు కొంత జ్ఞాపకముండవచ్చును; విద్యార్థులకు మాత్రం పూర్తిగా చెప్పవలసినదే. 1972 జూన్ 17 తెల్లవారుజామున వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ భవనంలో, డెమొక్రాటిక్ పార్టీ కార్యాలయంలోనికి చొరబడిన ఐదుగురు పట్టుబడినారు. తలుపు గడియ పడకుండా అంటించిన టేపు ముక్కను చూచి అనుమానపడి, పోలీసులకు కబురు చేసినవాడు ఫ్రాంక్ విల్స్ అనే రాత్రి కాపలాదారు. అంత పెద్ద సామ్రాజ్యాన్ని కుదిపిన విచారణకు ఆరంభం అంత చిన్న ఉద్యోగి విధి నిర్వహణలో ఉన్నది. దొంగల వెనుక అధ్యక్షుడు నిక్సన్ అనుచరులు ఉన్నారని క్రమంగా తేలినది.

1973 మే నెలలో ఎలియట్ రిచర్డ్‌సన్ అటార్నీ జనరల్ పదవికి వచ్చినప్పుడు సెనేటు ఒక హామీ పుచ్చుకొన్నది. ఈ వ్యవహారాన్ని విచారించడానికి ప్రత్యేక ప్రాసిక్యూటరును నియమించవలెను. అసాధారణమైన దుష్ప్రవర్తన కనబడితే తప్ప అతనిని తొలగించరాదు. రిచర్డ్‌సన్ ఎన్నుకొన్నది హార్వర్డ్ న్యాయ కళాశాలలో తనకు పాఠం చెప్పిన ఆచార్యుడు ఆర్చిబాల్డ్ కాక్స్‌ను. ఆ జూలై 16న శ్వేతసౌధపు మాజీ ఉద్యోగి బటర్‌ఫీల్డ్ సెనేటు సంఘం ఎదుట చల్లగా ఒక మాట బయటపెట్టినాడు: అధ్యక్షుని గదిలో జరిగే సంభాషణలన్నీ టేపుల మీదికి ఎక్కుతున్నవి! కాక్స్ వెంటనే తొమ్మిది సంభాషణల టేపులు కావలెనని సమను పంపినాడు. నిక్సన్ ఇవ్వనన్నాడు. కోర్టు ఇవ్వవలసినదే అన్నది, పై కోర్టూ అదే అన్నది.

అప్పుడు శ్వేతసౌధం ఒక రాజీ మార్గం కనిపెట్టినది. టేపులు ఇవ్వరు, వాటి సారాంశం వ్రాసి ఇస్తారు. ఆ సారాంశం సరిగా ఉన్నదీ లేనిదీ సెనేటరు స్టెన్నిస్ విని నిర్ధారిస్తాడు. కాక్స్ ఇక ముందు టేపుల మాట ఎత్తరాదు. స్టెన్నిస్ గౌరవనీయుడే గాని ఆయనకు చెవులు సరిగా వినబడవు. టేపులు వినే పనికి అట్టివానిని ఎన్నుకోవడంలోని చమత్కారాన్ని లోకం గమనించకపోలేదు.

అక్టోబరు 20, శనివారం. కాక్స్ పత్రికా విలేకరులను సమావేశపరచి, ఈ రాజీకి తాను ఒప్పుకొనజాలనని నెమ్మదిగా, ఉపాధ్యాయుడు పిల్లలకు పాఠం వివరించినట్లు, కారణాలతో సహా చెప్పినాడు. ఆ సాయంకాలమే కాక్స్‌ను తొలగించవలసినదని రిచర్డ్‌సన్‌కు నిక్సన్ ఆజ్ఞ అయినది. పశ్చిమాసియాలో యుద్ధం సాగుతున్న సమయమని అధ్యక్షుడు నచ్చజెప్పబోయినాడు. రిచర్డ్‌సన్ సెనేటుకు ఇచ్చిన మాట తప్పనని రాజీనామా ఇచ్చి బయటకు నడచినాడు. తరువాతివాడు రకెల్‌షాస్, అతడూ నిరాకరించి పదవి వదలుకొన్నాడు. మూడవవాడు రాబర్ట్ బోర్క్ సంతకం చేసినాడు. ఆ రాత్రి ఎఫ్.బి.ఐ. మనుషులు వచ్చి ప్రాసిక్యూటరు కార్యాలయాన్ని స్వాధీనపరచుకొన్నారు. తెల్లవారేసరికి కాంగ్రెసు సభ్యులకు టెలిగ్రాముల వరద మొదలయినది. ఆ రాత్రికి ‘శనివారపు రాత్రి ఊచకోత’ అని పేరు వచ్చినది.

ఊచకోత అన్నారు గాని నెత్తురు చుక్క రాలలేదు. రాలినవి మూడు ఉద్యోగాలు. ఆ మూడు ఉద్యోగాలతో నిక్సన్ పదవికే ఎసరు వచ్చినది. కొద్ది దినములకే అతడు లియన్ జవోర్‌స్కీని మరొక ప్రాసిక్యూటరుగా అంగీకరించక తప్పలేదు. నవంబరులో న్యాయమూర్తి గెసెల్, కాక్స్ తొలగింపు చట్టవిరుద్ధమని తీర్పు చెప్పినాడు. 1974 జూలై 24న సుప్రీంకోర్టు 8–0 వోట్లతో టేపులు అప్పగించవలసినదేనని శాసించినది. ఆ తీర్పు వ్రాసిన ప్రధాన న్యాయమూర్తి బర్గర్ నిక్సన్ నియమించినవాడే. మూడు దినముల తరువాత ప్రతినిధుల సభ న్యాయసంఘం 27–11 వోట్లతో అభిశంసనకు మొదటి ఆరోపణను ఆమోదించినది. ఆ 27 మందిలో ఆరుగురు నిక్సన్ పార్టీవారే. ఆగస్టు 9న నిక్సన్ రాజీనామా చేసినాడు. ఇంతా జరిగి, సెప్టెంబరు 8న కొత్త అధ్యక్షుడు ఫోర్డ్ అతనికి సంపూర్ణ క్షమాభిక్ష ప్రసాదించినాడు. కోర్టు మెట్లెక్కవలసిన అవసరం నిక్సన్‌కు కలుగలేదు.

ఆ అనుభవం నుండి పుట్టినవే 1978 నాటి రెండు చట్టాలు. ఒకటి ఇన్‌స్పెక్టర్ జనరల్‌లను సృష్టించినది. పార్టీతో నిమిత్తం లేకుండా, నిజాయితీని, సామర్థ్యాన్ని బట్టి నియమించవలెనన్నది. రెండవది స్వతంత్ర ప్రాసిక్యూటరుకు చట్టబద్ధమైన రక్షణ కల్పించినది. ఇక దుర్గం కట్టుకొన్నామనుకొన్నారు. గోడలో సందు మాత్రం ఉండనే ఉన్నది: ఇన్‌స్పెక్టర్‌ను అధ్యక్షుడు తీసివేయవచ్చును, తీసివేసి కాంగ్రెసుకు కారణం చెప్పితే చాలు. ఆ 30 దినముల నోటీసు 2008లో చేరినది. వివరమైన కారణాలు కావలెనన్నది 2022లో. చెప్పకపోతే ఏమి శిక్ష అన్నది మాత్రం ఎన్నడూ చేరలేదు.

ఈ సందులో దూరినవాడు ఒక్క ట్రంప్ అనుకోవడం సత్యదూరం. 1981లో పదవిలోనికి వచ్చిన దినముననే రీగన్ పాత ఇన్‌స్పెక్టర్లందరినీ ఒక్క కలంపోటుతో పంపివేసినాడు. నిరసన రాగా కొందరిని తిరిగి తీసుకొన్నాడు. 2009లో ఒబామా ఒక సేవా సంస్థ ఇన్‌స్పెక్టర్‌ను తొలగించి, విశ్వాసం పోయినదన్న ఒక్క ముక్కతో సరిపెట్టబోతే, స్వపక్షం వారే ఇది చాలదన్నారు. అయితే 2020 ఏప్రిల్‌లో ట్రంప్ చేసినదానికి ఒక ప్రత్యేకత ఉన్నది. అంతకు ముందు సంవత్సరం అతని అభిశంసనకు దారితీసిన ఫిర్యాదును చట్టప్రకారం పైకి పంపిన మైకేల్ ఆట్కిన్సన్‌ను తొలగించినాడు. పని సరిగా చేయకపోవడం కాదు, చేయడమే అక్కడ నేరమైనది.

రెండవ పక్షపు వాదాన్ని కూడా న్యాయంగా వినవలెను. ప్రజలు ఎన్నుకొన్నది అధ్యక్షుని, ఈ అధికారులను కాదు. ఎవరికీ జవాబు చెప్పనక్కరలేని అధికారి కూడా ప్రమాదమే గదా అని వారు అంటారు. ఇందులో బలం లేకపోలేదు. స్వతంత్ర ప్రాసిక్యూటరు కెనెత్ స్టార్ ఆర్కాన్సాలోని ఒక భూమి వ్యవహారంలో విచారణ చేపట్టి, ఏండ్ల తరబడి త్రవ్వి, క్లింటన్ అంతరంగిక జీవితంలో తేలినాడు. క్లింటన్ ప్రమాణం చేసి అబద్ధమాడినమాట నిజమే. కాని విచారణకు హద్దు లేకుండా పోయినదీ నిజమే. 1999లో ఆ చట్టం గడువు తీరినప్పుడు దానిని బ్రతికించవలెనని రెండు పార్టీలలోనూ పట్టుదల కనబడలేదు.

కాని ఏ విధానం అమలు జరుపవలెనో నిర్ణయించే అధికారి వేరు, జరిగినదానిని లెక్కించి చెప్పే అధికారి వేరు. మొదటివాడు అధ్యక్షుని మాట వినవలసినదే. రెండవవాడు కూడా ఆయన మాటే వింటే అతనికి జీతమెందుకు? 2025 ఆగస్టు 1న అమెరికా కార్మిక గణాంక సంస్థ జూలై నెల ఉద్యోగాల లెక్కలు ప్రకటించినది. కొత్త ఉద్యోగాలు 73,000 మాత్రమేననీ, మే, జూన్ నెలలకు ముందు చెప్పిన లెక్కలో 2,58,000 తగ్గించవలసివచ్చినదనీ అందులో ఉన్నది. అటువంటి సవరణలు ఆ సంస్థలో పరిపాటి. ఆ దినముననే అధ్యక్షుడు, అంకెలను తారుమారు చేసినారని ఆధారమేమీ చూపకుండా ఆరోపించి, సంస్థ అధిపతి ఎరికా మెక్‌ఎంటార్ఫర్‌ను తొలగించినాడు. 2024 జనవరిలో ఆమె నియామకాన్ని సెనేటు 86–8 వోట్లతో ఆమోదించినది. నాడు సెనేటరుగా ఉండి అనుకూలంగా వోటు వేసినవారిలో, తరువాత ట్రంప్ ఉపాధ్యక్షుడైన జె.డి. వాన్స్ కూడా ఒకడు. జ్వరమున్నదని చూపిన ఉష్ణమాపకాన్ని విరుగగొట్టినట్లయినది.

న్యాయస్థానాలు ఏ మార్గాన ఉన్నవని విద్యార్థులు అడుగవచ్చును. 1933లో రూజ్వెల్ట్, వాణిజ్య సంఘ సభ్యుడు హంఫ్రీని అభిప్రాయభేదం కారణంగా తొలగించగా, హంఫ్రీ మరణించిన తరువాత అతని ఆస్తి నిర్వాహకుడు జీతపు బాకీకై దావా వేసినాడు. 1935లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా, అట్టి స్వతంత్ర సంఘాల సభ్యులను తగిన కారణం లేక తొలగించరాదన్నది. తొంబది ఏండ్లకు అదే సంఘం నుండి ఇద్దరు సభ్యులను ట్రంప్ తొలగించగా, వారిలో రెబెకా స్లాటర్ వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరినది. 2025 డిసెంబరులో కోర్టు వాదనలు విన్నది. అంతకు ముందు, 2024 జూలై 1న, 6–3 వోట్లతో ఆ కోర్టే మరొక తీర్పు ఇచ్చివున్నది. అధ్యక్షుడు తన మూలాధికారాలతో చేసిన పనులకు నేరవిచారణ ఉండదు. న్యాయశాఖాధికారులతో అతడు జరిపిన సంభాషణలు అందులోనివే. 1973 నాటి ఆ శనివారపు ఆజ్ఞను ఈ తీర్పు వెలుగులో మరల చదివితే, నిక్సన్ తొందరపడి పుట్టినాడేమో అనిపించకమానదు.

భారత రాజ్యాంగ నిర్మాతలు ఈ విషయంలో కొంత మెలకువ చూపినారు. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్‌ను సుప్రీంకోర్టు న్యాయమూర్తిని తొలగించే పద్ధతిలోనే తప్ప తొలగించరాదని 148వ అధికరణం. రాజ్యాంగం క్రింద అత్యంత ముఖ్యుడైన అధికారి బహుశః ఇతడేనని 1949లో అంబేడ్కర్ రాజ్యాంగ సభలో అన్నాడు. అయితే తొలగింపుకే అక్కడ తాళం వేసినారు. నియామకపు తాళంచెవి ప్రభుత్వం చేతిలోనే ఉన్నది. కనుక మనం మరీ పొంగిపోవలసిన పని లేదు.

ఇక ఆ జనవరి రాత్రి కొలువు పోయినవారి సంగతి. ఎనిమిది మంది కోర్టుకెక్కినారు. 2025 సెప్టెంబరు 24న న్యాయమూర్తి ఆనా రేయెస్ తీర్పు చెప్పినారు. అధ్యక్షుడు చట్టాన్ని అతిక్రమించినాడు, సందేహం లేదు అన్నారు. వెంటనే వారిని తిరిగి ఉద్యోగాలలో కూర్చుండబెట్టడానికి మాత్రం ఒప్పుకొనలేదు. కూర్చుండబెట్టినా, అధ్యక్షుడు ఈసారి నోటీసు ఇచ్చి, కారణం వ్రాసి, 30 దినములు ఆగి మరల తీసివేయవచ్చును గదా అన్నది ఆమె చెప్పిన హేతువు. ఆనాటికి వారి కుర్చీలు ఖాళీయై సరిగా ఎనిమిది నెలలు.