విండోస్ నెట్‌వర్కులో నిర్వాహక షేర్లు: గ్రూప్ పాలసీ ద్వారా నిలుపుదల

సారాంశం: విండోస్ కంప్యూటర్లలో వాటంతట అవే ఏర్పడే నిర్వాహక షేర్ల స్వరూపాన్ని, వాటిని నిలిపివేసే పద్ధతిని, దాని పరిమితులను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: నిర్వాహక షేర్లు, గ్రూప్ పాలసీ, రిజిస్ట్రీ, రాన్సమ్‌వేర్.

1. ఉపోద్ఘాతం

2017 మే నెలలో ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లు కొన్ని ‘వన్నాక్రై’ రాన్సమ్‌వేర్ బారిన పడ్డాయి. అది విండోస్ ఫైల్ షేరింగ్‌లోని ఒక లోపాన్ని ఆధారం చేసుకుంది. ఆ లోపానికి సవరణ మార్చిలోనే వెలువడింది. జూన్‌లో వచ్చిన ‘నాట్‌పెట్యా’ అంతటితో ఆగలేదు. ఒక యంత్రంలో దొంగిలించిన నిర్వాహక వివరాలతో, సవరణ వేసుకున్న యంత్రాల్లోకి కూడా నిర్వాహక షేర్ల మార్గంలో ప్రవేశించింది.

2. స్వరూపం

ప్రతి డ్రైవుకు ‘సి డాలర్’, ‘డి డాలర్’ వంటి షేర్లను, విండోస్ ఫోల్డరుకు ‘అడ్మిన్ డాలర్’ షేరును విండోస్ స్వయంగా ఏర్పరుస్తుంది. పేరు చివరి డాలరు గుర్తు వల్ల ఇవి జాబితాలో కనబడవు. అయితే మరుగున ఉండటం వేరు, భద్రంగా ఉండటం వేరు. నిర్వాహక ఖాతా వివరాలు తెలిసినవారికి డ్రైవు మొత్తం అందుబాటులోకి వస్తుంది.

3. విధానం

షేరును తొలగించినంత మాత్రాన ప్రయోజనం లేదు. సర్వర్ సర్వీసు తిరిగి మొదలైనప్పుడు అది మళ్ళీ ఏర్పడుతుంది. గ్రూప్ పాలసీలో కంప్యూటర్ కాన్ఫిగరేషన్, ప్రిఫరెన్సెస్, విండోస్ సెట్టింగ్స్, రిజిస్ట్రీ అనే క్రమంలో వెళ్ళి, లాన్‌మాన్‌సర్వర్ సర్వీసుకు చెందిన పారామీటర్స్ కీలో డీవర్డ్ విలువను చేర్చాలి. సాధారణ కంప్యూటర్లకు ‘ఆటోషేర్‌డబ్ల్యూకేఎస్’, సర్వర్లకు ‘ఆటోషేర్‌సర్వర్’ అనే పేరుతో విలువను సున్నాగా ఉంచాలి. పాలసీ అందిన తరువాత యంత్రాన్ని రీస్టార్ట్ చేసి, ‘నెట్ షేర్’ ఆదేశంతో ఫలితాన్ని సరిచూసుకోవాలి.

4. పరిమితులు

‘ఐపీసీ డాలర్’ ఈ మార్పుతో తొలగదు. దూరం నుంచి సాఫ్ట్‌వేర్ స్థాపించే, బ్యాకప్ తీసే సాధనాలు కొన్ని ఈ షేర్ల మీదే ఆధారపడతాయి. కనుక ముందుగా కొద్ది యంత్రాలపై పరీక్షించాలి. డొమైన్ కంట్రోలర్లను ఈ పాలసీ పరిధిలోకి తేకపోవడం మంచిది. అన్నింటికంటే ముఖ్యంగా, యంత్రాలన్నిటి నిర్వాహక ఖాతాకు ఒకే పాస్‌వర్డ్ ఉంటే, ఒక్కటి బయటపడినా అన్నీ బయటపడినట్లే. ఒక్కో యంత్రానికి వేర్వేరు పాస్‌వర్డ్ కల్పించే ‘విండోస్ ల్యాప్స్’ దీనికి పరిష్కారం.

5. ముగింపు

గ్రూప్ పాలసీలోని ప్రిఫరెన్సెస్‌ను వాడటానికి డొమైన్ అవసరం. మంత్రాలయం, ఆదోని, ఎమ్మిగనూరు వంటి చోట్ల డొమైన్ లేని చిన్న కళాశాల అయితే, ఇదే రిజిస్ట్రీ విలువను ఒక్కో యంత్రంలో విడిగా చేర్చుకోవచ్చు. పరిశోధకుల సిద్ధాంత గ్రంథాలు, స్కాన్ చేసిన తాళపత్రాలు అదే నెట్‌వర్కులో ఉంటాయి. కాబట్టి షేర్లను నిలిపివేయడంతోపాటు, నెట్‌వర్కుతో సంబంధం లేని మరొక ప్రతిని భద్రపరచడం అత్యవసరం.