చావైన పాపము – స్వల్ప పాపము

అమెరికా దేశమున, వర్జీనియా రాష్ట్రమునందు, వాషింగ్టన్ నగరమునకు వాయవ్యముగా ఆష్‌బర్న్ అను ఊరు గలదు. అచ్చట నేడు తెలుగు కుటుంబములు పెక్కు కాపురముండుచున్నవి. పునీత తెరేసమ్మగారి పేర నొక కథోలిక దేవాలయమును ఆ యూర నున్నది. అది 1974వ సంవత్సరమున నేర్పడిన ఆర్లింగ్టన్ మేత్రాసనమునకు చేరినది. ఆ యూరివారికి గుడియు దగ్గరే, గురువును దగ్గరే. తోటలలోని కుటుంబములకో, అనేక స్థలములందు గుడి దూరము, గురువు రాక అరుదు. ఆదివారపు దివ్యపూజకు అచ్చటివా డొకడును, ఇచ్చటివా డొకడును పోలేదనుకొందము. ఇరువురి దోషమును సమానమేనా?

పాపములన్నియు నొక్కతీరు కావని శ్రీసభ బోధించుచున్నది. మరణకరమైన పాపము వేరు, మరణకరము కాని పాపము వేరు అను భేదము పునీత యోహానుగారి మొదటి జాబు అయిదవ అధ్యాయముననే కానవచ్చును. ఆత్మకు జీవమైన దేవవరప్రసాదమును పోగొట్టునది చావైన పాపము. ఆ జీవమును చంపక గాయపరచునది స్వల్ప పాపము.

చావైన పాపమునకు మూడు లక్షణములు కలిసి యుండవలెను. చేసిన పని గొప్ప చెడుగై యుండవలెను. అది యట్టిదని చేయువాడు బాగుగ నెరిగి యుండవలెను. ఎరిగియు మనఃపూర్వకముగ సమ్మతించి చేసి యుండవలెను. 1992వ సంవత్సరమున వెలువడిన కథోలిక సత్యోపదేశ గ్రంథమును ఇట్లే చెప్పుచున్నది. ఈ మూటిలో నేదేని లోపించినచో అది చావైన పాపము కాదు.

కావున ఆష్‌బర్నులో తీరికయు ఆరోగ్యమును గలవాడు, విధి నెరిగియు, సోమరితనమున ఆదివారపు పూజ మానినచో అతని దోషము గొప్పది. తోటలో బిడ్డ జ్వరముతో నుండగా విడువలేని తల్లికిని, వాన దారి తెంపివేయగా ఆగిపోయినవానికిని ఆ విషయమున పాపమే లేదు. అయినను గురువు తోటకు వచ్చిన దినముననే, తెలిసి తెలిసి కల్లు దుకాణమునకు పోవువాడు దూరమును సాకుగా చెప్పుకొనజాలడు.

దొంగతనమునందును ఇట్లే తారతమ్యము గలదు. పొరుగింటి పెరటిలో నాలుగు మిరపకాయలు అడుగక కోసికొనుట స్వల్పము. పేదవాని దినకూలి నపహరించుట స్వల్పము కాదు. ఆ కూలితోనే అతని యింట పొయ్యి వెలుగవలెను. తూనికలో మోసముచేసి కూలి తగ్గించువాడు ఈ మాట బాగుగ వినవలెను. పనివాని కూలి బిగబట్టుట ఆకాశమునకు మొరపెట్టు పాపమని శ్రీసభ బోధ. పదమూడవ లెయో పాపుగారును 1891వ సంవత్సరమున పనివారలను గూర్చి వ్రాసిన లేఖలో దానిని మహాపరాధముగ నెంచిరి.

స్వల్ప పాపములు ఎన్ని కూడినను, ఆ లెక్కచేతనే చావైన పాపము కావు. అయినను వానిని నిర్లక్ష్యము చేయరాదు. కాలి ముల్లు చిన్నదే; తీయక విడిచినచో చీముపట్టి మనిషిని మంచమున పడవేయును. నేడు చిన్న అబద్ధమున కలవాటుపడిన నాలుక రేపు అబద్ధసాక్ష్యమునకు జంకదు.

స్వల్ప పాపములు ప్రార్థనచేతను, ధర్మకార్యములచేతను, దివ్యసత్ప్రసాద స్వీకారముచేతను పరిహారమగును. చావైన పాపములను పాపసంకీర్తనమున గురువునొద్ద చెప్పుకొనవలెను. ఏటి కొక్కసారియైన పాపసంకీర్తనము చేయవలెనని 1215వ సంవత్సరమున లాతెరాను మహాసభ విధించెను. గురువు దొరకని చోట నున్నవారు దిగులుపడ నక్కరలేదు. దేవునియందలి ప్రేమచేత ఉత్తమ పశ్చాత్తాపపడి, వీలైనంత త్వరగా పాపసంకీర్తనము చేయుదునని గట్టిగ నిశ్చయించుకొన్నవానికి దేవుడు చావైన పాపమును సైతము క్షమించునని శ్రీసభ బోధించుచున్నది.

చిన్న తప్పునకే నరకము తప్పదని బెదరువాడును, పెద్ద తప్పును చిన్నదని త్రోసివేయువాడును ఇరువురును త్రోవ తప్పినవారే. రాత్రి పడుకొనబోవు ముందు ప్రతివాడును తన్ను తాను మూడు మాట లడుగవలెను: చేసినది ఎంతటి చెడుగు? తెలిసియే చేసితినా? మనసారా చేసితినా? ఈ మూటికి నిజము చెప్పుకొన్నవానికి తన పాపపు తూకము తెలియును.