పర్వత పిగ్మీ పోసమ్ మరియు బోగాంగ్ మాత్

పర్వత పిగ్మీ పోసమ్ మరియు బోగాంగ్ మాత్ ఆగ్నేయ ఆస్ట్రేలియాలోని ఆల్ప్స్ పర్వతాలలో కనిపించే రెండు జంతువులు. మొదటిది శిశుకోశము గల క్షీరదము. రెండవది సీతాకోకచిలుకను పోలిన నిశాచర కీటకము. వర్గీకరణలో వీటి మధ్య ఎంతో దూరమున్నా, పోసమ్ మనుగడ చాలావరకు ఈ కీటకముపై ఆధారపడి ఉన్నది.

వర్గీకరణ

రెండూ జంతు రాజ్యమునకు చెందినవే అయినా వర్గము స్థాయిలోనే వేరవుతాయి.

పోసమ్: కార్డేటా వర్గము, క్షీరదాల తరగతి, డైప్రోటోడాంటియా క్రమము, బర్రామైయిడే కుటుంబము. శాస్త్రీయ నామము బర్రామిస్ పార్వస్. కంగారూ, కోవాలాలు కూడా ఈ క్రమములోనివే. 1896లో రాబర్ట్ బ్రూమ్ శిలాజముల ఆధారముగా దీనిని వర్ణించాడు. అంతరించినదని భావించిన ఈ జంతువు 1966లో విక్టోరియా రాష్ట్రములోని హోథామ్ పర్వతముపై, ఒక స్కీయింగ్ విడిదిలో సజీవముగా దొరికింది.

మాత్: ఆర్థ్రోపోడా వర్గము, కీటకాల తరగతి, లెపిడోప్టెరా క్రమము, నాక్టుయిడే కుటుంబము. శాస్త్రీయ నామము అగ్రోటిస్ ఇన్ఫ్యూసా.

ఆహార సంబంధము

మాత్ గొంగళిపురుగులు మైదానములలో మొక్కలను తిని పెరుగుతాయి. రెక్కలు వచ్చిన మాత్‌లు వసంతకాలములో సుమారు 1,000 కిలోమీటర్ల వరకు ఎగిరి, పర్వతముల గుహలలోను రాతి పగుళ్ళలోను వేసవి గడుపుతాయి. ఇవి నక్షత్రముల సాయముతో దిక్కు తెలుసుకుంటాయని 2025లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. సుమారు 45 గ్రాముల బరువుండే పోసమ్, శీతాకాలమంతా మంచు క్రింద నిద్రించి వసంతములో మేల్కొంటుంది. కొవ్వు నిండిన మాత్‌లే అప్పుడు దానికి ముఖ్య ఆహారము.

సంరక్షణ స్థితి

అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము వారి ఎర్ర జాబితాలో పోసమ్ "తీవ్రముగా అంతరించే ప్రమాదమున్న" జాతి. మాత్ 2021లో "అంతరించే ప్రమాదమున్న" జాతిగా ఆ జాబితాలో చేరింది. ఒకప్పుడు కోట్ల సంఖ్యలో వలస వచ్చిన కీటకము ఇందులో చేరడము వింతగా తోచవచ్చు. కాని జాబితా మిగిలిన సంఖ్యనే గాక, అది తగ్గే వేగమును కూడా లెక్కిస్తుంది. 2017లో మొదలైన తీవ్రమైన కరువు వలన మైదానములలో గొంగళిపురుగులకు మేత కరవై, పర్వతములకు చేరే మాత్‌లు దాదాపు కనుమరుగయ్యాయి. ఆహారము చాలక అనేక పోసమ్ తల్లులు శిశుకోశములోని పిల్లలను కోల్పోయాయి. తరువాత వర్షములు కురిసిన సంవత్సరములలో మాత్‌లు కొంత కోలుకున్నాయి.

పోసమ్‌కు అడవి పిల్లులు, నక్కలు, స్కీయింగ్ కట్టడములు, తగ్గుతున్న మంచు కూడా ముప్పే. అయితే పర్వతములపై ఎంత రక్షణ కల్పించినా, దూరపు మైదానములలో కీటకము క్షీణిస్తే పోసమ్‌ను కాపాడడము కష్టము.